టోక్యోలో మార్మన్ మిషనరీ కుర్రాళ్లని భోజనానికి పిలవాలంటే ఏ రోజు, ఏ వేళ?

నిషికసాయ్ లక్ష్మి:
అందరికీ నమస్కారం. మేముండేది టోక్యోలో, నిషి కసాయ్‌లో. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుపట్టీతో సైకిళ్ల మీద తిరిగే ఇద్దరు అమెరికా కుర్రాళ్లు స్టేషన్ దగ్గర పరిచయమయ్యారు. మార్మన్ మిషనరీలట, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ ప్రచారకులు. పట్టుమని ఇరవై ఏళ్లు లేవు, ఇంటికి దూరంగా ఉన్నారు. ఒక పూట మన భోజనం పెట్టాలని ఉంది. శనివారం మధ్యాహ్నం రమ్మంటే "చూసి చెప్తాం" అన్నారు. వాళ్ల వారం ఎలా నడుస్తుంది? ఏం తింటారు, ఏం తాగరు? మాకు మతం మారే ఆలోచన లేదు, ఆ మాట నొప్పించకుండా ఎలా చెప్పాలి? మావారు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది.

సాల్ట్‌లేక్ ప్రసాద్:
లక్ష్మిగారూ, ముందు వాళ్ల రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున ఆరున్నరకి లేవాలి. అరగంట వ్యాయామం, తర్వాత స్నానం, టిఫిను. ఎనిమిదికి ఎవరి చదువు వాళ్లది, తొమ్మిదికి ఇద్దరూ కలిసి, ఆ పైన జపనీస్ సాధన. యూటాలోని ప్రోవోలో ఉన్న మిషనరీల శిక్షణ కేంద్రంలో దాదాపు తొమ్మిది వారాలు నేర్పి పంపుతారు గానీ, జపనీస్‌కి అది ఏ మూలకీ చాలదు, అందుకే రోజూ చదవాల్సిందే. బయల్దేరేసరికి పదో పదకొండో అవుతుంది. రాత్రి తొమ్మిదికి గదికి చేరాలి, ఎవరికైనా తమ మతం గురించి పాఠం చెప్తూ ఉంటే తొమ్మిదిన్నర. పదిన్నరకి లైటు ఆర్పాలి. మిషన్ అధ్యక్షుడు (ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద) ఈ వేళల్ని కొంచెం అటూ ఇటూ జరపొచ్చు.

వారంలో ఒక రోజు, మామూలుగా సోమవారం, వాళ్ల సొంత పనులకి. సాయంత్రం ఆరు దాకా బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, క్షవరం, ఇంటికి ఫోను. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోను క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే ఉండేది. ఇప్పుడు వారం వారం వీడియో కాల్ చేసుకోవచ్చు. టోక్యోలో సోమవారం పొద్దున 8 అంటే యూటాలో ఆదివారం సాయంత్రం 4, వేసవిలో 5. ఇంటిల్లిపాదీ దొరికే వేళ అది. కాబట్టి సోమవారం పగలు మాత్రం పిలవకండి. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పటిలా పనిలోనే ఉంటారు, అప్పుడు పిలవొచ్చు.

మిగతా రోజుల్లో ఒక పొద్దున చుట్టుపక్కల మిషనరీలందరి సమావేశం, ఒక పూట రెండు మూడు గంటలు వచ్చే వారం ప్రణాళిక, ఒక సాయంత్రం చర్చిలో ఉచిత ఇంగ్లీషు క్లాసు ఉంటాయి. జపాన్‌లో ఆ క్లాసు దాదాపు ప్రతి చోటా ఉంటుంది, దాన్ని వదులుకోరు. శనివారం జనం ఇళ్లలో దొరికే రోజు, అందుకే వెంటనే సరే అనలేకపోయారు. ఆదివారం చర్చి రెండు గంటలు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం, ఆ రోజు మధ్యాహ్నం అసలొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: ఇంట్లో పెద్దవాళ్లైన మగవాళ్లు లేకపోతే లోపలికి రారు. మీరొక్కరే ఉంటే గుమ్మంలోనే ఆగిపోతారు. అది నియమం, అమర్యాద అనుకోకండి. మీవారు ఏడు దాటాక వస్తారు కాబట్టి ఏడున్నరకి రమ్మనండి. వంటంతా సిద్ధంగా ఉంచుకుని ఎనిమిదిన్నరకి లేవనిస్తే తొమ్మిదికి గది చేరతారు. నా ఓటు మంగళవారానికి. ఇంగ్లీషు క్లాసు ఏ రోజో మాత్రం ముందే అడగండి.

గుంటూరు శారద:
తిండి సంగతి నేను చెప్తా లక్ష్మీ. మద్యం, పొగాకు, కాఫీ, టీ ముట్టరు. గ్రీన్ టీ కూడా టీయే, 2019 ఆగస్టులో వాళ్ల చర్చి యువజన పత్రిక ఈ మాట స్పష్టంగా రాసింది. జపాన్‌లో పొరపాటు జరిగేది ఇక్కడే: హోజిచా, గెన్మయిచా కూడా తేయాకుతో చేసేవే, ఇవ్వకూడదు. ముగిచా బార్లీ గింజలు వేయించి కాచేది, నిక్షేపంగా ఇవ్వొచ్చు. కలగలుపు టీ సీసాల్లో కొన్నింట్లో గ్రీన్ టీ ఉంటుంది, వెనక పట్టీ చదివి కొను.

మన చాయ్, ఫిల్టర్ కాఫీ పక్కన పెట్టెయ్. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, బాదంపాలు ఏవైనా సరే. టీపొడి లేకుండా పాలలో అల్లం, యాలకులు, బెల్లం వేసి కాచి ఇవ్వు, ఇష్టంగా తాగుతారు. బెల్లం మాత్రం దింపాకే వెయ్యి, లేకపోతే పాలు విరుగుతాయి.

మాంసం, కూరగాయలు ఏదైనా తింటారు. వేరుశనగ పడుతుందో లేదో ముందే అడుగు, పల్లీల ఎలర్జీ ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదికొస్తుంది. పల్లీ పచ్చడే కాదు, పులిహోర పోపులో పల్లీలూ అంతే. కారం: ఒక కప్పు కందిపప్పుకి ఒక్క పచ్చిమిర్చి, చీల్చకుండా. చారులో మిరియాలు సగం. ఎండుమిర్చి తుంచకుండా నిండుగా వేసి, వడ్డించే ముందు ఏరేయ్. ముక్కలు చేస్తే కూరలో కలిసిపోతాయి, తెలియక కొరికేస్తారు. ఆవకాయ విడిగా ఒక గిన్నెలో పెట్టు, ధైర్యమున్నవాడు వేసుకుంటాడు. రోజంతా సైకిలు తొక్కే పిల్లలు, వాళ్లిద్దరికే రైస్ కుక్కర్ కప్పుతో (180 మి.లీ.) రెండున్నర కప్పుల బియ్యం పడతాయి. సోనామసూరి వండు. జపాన్ బియ్యం ముద్దయిపోయి చారులో కలవదు.

యొకొహామా రవి:
మతం సంగతి పిలిచేటప్పుడే మెసేజ్‌లో రాసేయండి: "భోజనానికి రండి, పాఠం వద్దు." ఇద్దరూ కలిసే ఉంటారు కాబట్టి ఒకరికి పంపితే ఇద్దరికీ తెలుస్తుంది. సూటిగా చెబితే నొచ్చుకోరు, నాన్చితేనే ఇబ్బంది. తినే ముందు ప్రార్థన చేసుకోవచ్చా అని, లేచే ముందు ఒక చిన్న మాట చెప్పొచ్చా అని అడుగుతారు. అదీ వద్దనుకుంటే వద్దనొచ్చు. తెలుగులో మార్మన్ గ్రంథం ఉంది, తెప్పించి ఇస్తామని కూడా అనొచ్చు. హైదరాబాదులో 2012 నుంచి వాళ్లకి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) కూడా ఉంది, దేశంలో అదే మొదటిది.

ఒకటి గుర్తుంచుకోండి. మీ పేరు, చిరునామా వాళ్ల యాప్‌లో నమోదవుతాయి. మిషన్‌లో ఆరు వారాలకోసారి బదిలీల లెక్క వస్తుంది. వీళ్లు వెళ్లిపోయినా ఆ వివరాలు కొత్తగా వచ్చినవాళ్లకి అందుతాయి, వాళ్లు మీ బెల్లు కొడతారు. వద్దనుకుంటే తీసెయ్యమని ఇప్పుడే చెప్పండి.

డబ్బులివ్వక్కర్లేదు. అమెరికా వాళ్లయితే 2020 జులై నుంచి నెలకి 500 డాలర్లు వాళ్లో, ఇంట్లోవాళ్లో చర్చికి కడతారు, ఖర్చులకి మిషన్ నుంచి నెల నెలా వస్తుంది. మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టివ్వండి, చాలు.

నిషికసాయ్ లక్ష్మి:
శారదక్కా, రవిగారూ, ప్రసాద్‌గారూ, చాలా థాంక్స్. మా మాన్షన్‌లో (ఇక్కడ అపార్ట్‌మెంటుని అలాగే అంటారు) పార్కింగు స్టిక్కరు లేని సైకిలు పెట్టనివ్వరు. పైగా ఇప్పుడు వానలు. ఏం చేయమంటారు?

యొకొహామా రవి:
ఆఫీసు గదిలో మేనేజరుకి ముందురోజే చెప్పి, అతిథులకి ఒక గంట చోటు అడగండి. స్టేషన్ చుట్టూ రోడ్డు మీద పెట్టిస్తే వార్డు ఆఫీసు (మున్సిపాలిటీ) వాళ్లు ఎత్తుకెళ్తారు, విడిపించడానికి డబ్బు కట్టాలి. పాత మిషనరీలు వదిలిన సైకిళ్లు తొక్కేవాళ్లు ఎక్కువ. దొంగతనాల నివారణ కోసం చేయించే సైకిలు రిజిస్ట్రేషన్ పాతపేరు మీదే ఉండిపోతే పోలీసు ఆపి ఆరా తీస్తాడు, ఆ రోజు అరగంట ఆలస్యమైనా కంగారు పడకండి.

గొడుగు పట్టుకుని తొక్కడం ఇక్కడ నేరం, రెయిన్‌కోటుతో తడిసి వస్తారు. గుమ్మం దగ్గర రెండు తువ్వాళ్లు, కోట్లు తగిలించడానికి రెండు హ్యాంగర్లు, బూట్లలో కుక్కడానికి పాత న్యూస్‌పేపర్ ఉంచండి. తుపాను హెచ్చరిక ఉంటే బయటికి పంపరు, ఇంకో రోజు చూసుకోండి. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడూ రాడు, ఒక్కడే తిరగకూడదు. కాబట్టి పప్పు, చారు ముందే చేసుకోండి గానీ, వేపుడు మాత్రం వాళ్లు బయల్దేరామని మెసేజ్ పెట్టాకే పొయ్యి మీద పెట్టండి.