అప్‌డేట్: ఒకే వస్తువుకు రెండు రకాల కూపన్లు

దుకాణం కూపన్‌ను, తయారీదారు కూపన్‌ను ఒకే వస్తువుకు కలిపి వాడటం న్యాయమేనా అని కాలిఫోర్నియాలో సరుకులు కొనే నేను ఇదివరకు అడిగాను. మీ సమాధానాలతో పాటు, మా దుకాణం కూపన్ నిబంధనలను కూడా పూర్తిగా చదివాను.

తయారీదారు కూపన్ సొమ్మును, దానికి తోడు సాధారణంగా 8 సెంట్ల నిర్వహణ రుసుమును కంపెనీయే దుకాణానికి తిరిగి చెల్లిస్తుంది; దుకాణం కూపన్ తగ్గింపును మాత్రం దుకాణమే భరిస్తుంది. భారం మోసేవారు వేర్వేరు కనుక, నిబంధనలు అనుమతించినచోట ఒక వస్తువుకు ఒక్కో రకం నుంచి ఒక్కటి చొప్పున ఇవ్వడంలో నాకిప్పుడు తప్పేమీ కనిపించడం లేదు. అయితే యాప్‌లోని డిజిటల్ కూపన్ మీద తయారీదారు కూపన్ అని రాసి ఉంటే, అది దుకాణం యాప్‌లో కనిపించినా దుకాణానిది కాదు. అదే వస్తువుకు మళ్లీ కాగితపు తయారీదారు కూపన్ ఇవ్వకూడదు. ఈ తేడాను సూచించినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

పన్ను సంగతి మాత్రం నేను ఊహించనిది. 12 డాలర్ల డిటర్జెంటుకు 2 డాలర్ల చొప్పున రెండు కూపన్లు ఇస్తే చెల్లించే ధర 8 డాలర్లే అయినా, అమ్మకపు పన్ను 10 డాలర్ల మీద పడుతుంది. తయారీదారు ఇచ్చే 2 డాలర్లు చివరికి దుకాణానికే చేరతాయి కనుక అవి ధరలో భాగమే. బియ్యం, పప్పుల వంటి ఆహార పదార్థాలకు ఇక్కడ ఈ పన్ను లేదు.