పంపరపనస రసం తాగుతూ కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవచ్చా?

అమలాపురం_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాన్నగారికి 63 ఏళ్ళు, స్టెంట్ వేశాక రోజూ రాత్రి అటోర్వాస్టాటిన్ 40 వేసుకుంటున్నారు. చవితికి పాలవెల్లికి కట్టగా మిగిలిన పంపరపనసలు పెరట్లో బోలెడు ఉన్నాయి, కొలెస్ట్రాల్ కరుగుతుందని ఎవరో చెప్తే మా పెద్దమ్మ రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు రసం తీసి తాగిస్తోంది, పది రోజులైంది, ఇప్పుడేమో తొడలూ పిక్కలూ ఒకటే నొప్పులంటున్నారు. రసానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? రసం పొద్దున, మాత్ర రాత్రి, మధ్యలో 12 గంటల గ్యాప్ ఉంది కదా.

కాకినాడ_ఫార్మసిస్ట్:
ముందు రసం ఆపించండి బాబూ. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ ఉన్న మనిషి. ఈరోజే డాక్టర్‌గారికి ఫోన్ చేసి రసం సంగతి కూడా చెప్పండి, సీపీకే టెస్ట్ (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) రాస్తారేమో. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. నొప్పులు దీనివల్లేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ అనుమానించాల్సిందే.

గ్యాప్ ఇక్కడ పనిచెయ్యదండీ. పేగు గోడలో సిప్3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది, మింగిన మందులో కొంత రక్తంలోకి పోకముందే అది విరిచేస్తుంది, డోసు కూడా ఆ లెక్కతోనే పెడతారు. పంపరపనసలో, దాని చుట్టం గ్రేప్‌ఫ్రూట్‌లో ఫ్యూరనోకౌమరిన్లు ఉంటాయి, అవి ఆ ఎంజైమ్‌ని పనికిరాకుండా చేసేస్తాయి, పేగు మళ్ళీ కొత్తది తయారుచేసుకోడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. రోజూ తాగితే ఇంక కోలుకునేదెప్పుడు? వేసుకునేది 40 అయినా రక్తంలోకి ఎక్కువ చేరుతుంది, అలా ఎక్కువైతే కండరాలు దెబ్బతినొచ్చు. ఇది బయటపడిందే అనుకోకుండా, కెనడాలో ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద ఆల్కహాల్ ప్రభావం పరీక్షిస్తూ, దాని రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపిచ్చారు, మందు రక్తంలో విపరీతంగా పెరిగిపోయింది, 1989లో ప్రచురించారు.

కొత్త_కిడ్నీ:
నాకు కిడ్నీ మార్పిడి అయింది, కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ అనే మందు వాడతాను. డిశ్చార్జ్ చేసేటప్పుడే పంపరపనస ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు, రక్తంలో మందు లెవెల్ పెరిగితే ఆ కొత్త కిడ్నీకే దెబ్బ అట. పెద్దమ్మగారిని ఏమీ అనకండి తమ్ముడూ, ప్రేమతోనే ఇచ్చుంటారు, పండుని మందుల లిస్టులో ఎవరు లెక్కేస్తారు?

అమలాపురం_అబ్బాయి:
చాలా థాంక్స్ అండి, రసం ఆపేశాం. బత్తాయి, నిమ్మకాయ కూడా మానాలా?

కాకినాడ_ఫార్మసిస్ట్:
బత్తాయి తినొచ్చు, పప్పులో పిండుకునే నిమ్మకాయతో భయం లేదు. రోసువాస్టాటిన్ అని ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర ఉంది, దానికి ఈ గొడవ దాదాపు ఉండదు, కానీ మార్చాలా వద్దా అన్నది డాక్టర్‌గారే చూడాలి.

అమలాపురం_అబ్బాయి:
ఇప్పుడే మాట్లాడానండి, రేపు పొద్దున్నే రక్తం ఇవ్వమన్నారు. పెద్దమ్మే దగ్గరుండి తీసుకెళ్తానంటోంది.