స్పిండిల్‌కి కండె అనాలా, కదురు అనాలా?

ప్రశ్న: ఇంటర్ పిల్లల కోసం పండ్ల ఈగ కణవిభజన మీద వ్యాసం రాస్తున్నానండీ. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకీ చేర్చే పోగుల అమరిక ఉంది కదా, ఆ స్పిండిల్‌కి పాఠ్యపుస్తకంలో కండె అని ఉంది, నిఘంటువులో కదురు అని కూడా కనిపిస్తోంది. ఏది వాడమంటారు? మైక్రోట్యూబ్యూల్ అసోసియేటెడ్ ప్రోటీన్లకి 'సూక్ష్మనాళికా సంబంధిత ప్రోటీన్లు' అంటే సరిపోతుందా?

జవాబు: కండె అనే రాయండి. కదురు రాట్నానికి ఉండే ఇనప పుల్ల, తను తిరుగుతూ నూలు వడుకుతుంది. కణంలో అలాంటి పుల్లా లేదు, తిరగడమూ లేదు. పోగులే కొసల్లో సన్నగా, నడుమ లావుగా ఆ ఆకారం కడతాయి. పేకనూలు చుట్టి నాడెలో పెట్టే కండెను చూసినవాళ్లకి అది వెంటనే తడుతుంది.

ఒక్క తేడా మాత్రం పిల్లలకి చెప్పి తీరాలి. నేతగాడి కండెకి నూలు వేరేచోట వడికి తెస్తారు. కణంలో పోగు అక్కడే పుడుతుంది, అక్కడే విడిపోతుంది. ఒక్కో పోగూ దాదాపు 25 నానోమీటర్ల మందం ఉన్న గొట్టాల కట్ట, ఈ గొట్టాలే సూక్ష్మనాళికలు, వాటి కొసల్లో వాటిని కట్టే ప్రోటీన్ ట్యూబ్యులిన్ చేరుతూ ఊడుతూ ఉంటుంది. ఈగ పిండంలో మొదటి 13 విభజనలు కణపొరలు లేకుండా కేంద్రకాలకే జరుగుతాయి, తొలి విడతలు ఒక్కోటి సుమారు 10 నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో కండె కట్టి మళ్లీ విప్పేయాలి. మీరు అడిగిన ప్రోటీన్లు లేకుండా ఇది సాగదు.

'మినీ స్పిండిల్స్' సంగతి తప్పకుండా రాయండి. ఈ ప్రోటీన్ పోగు పెరిగే కొసన ట్యూబ్యులిన్‌ని అందిస్తుంది. 1999లో దీని జన్యువును వర్ణించినప్పుడు, అది దెబ్బతిన్న లార్వాల మెదడు కణాల్లో అసలు కండె పక్కన అదనంగా బుల్లి కండెలు కనిపించాయి. పేరు అలా వచ్చిందే. ఈగల మీద పనిచేసేవాళ్లు జన్యువుకి అది చెడితే కనిపించే లోపాన్నే పేరుగా పెడతారు. 'చిరుకండెలు' అని అనువదిస్తే అది బుల్లి కండెలు కట్టే ప్రోటీన్ అనుకుంటారు, నిజానికి వాటిని రానివ్వనిది అదే. కాబట్టి జన్యువుల పేర్లు ఉన్నవి ఉన్నట్టే రాసి, కథ విడిగా చెప్పండి. 1985లో బయటపడ్డ 'ఆస్ప్' కూడా అంతే, ఆ పేరుకి అర్థం వికృతమైన కండె. ధ్రువాల దగ్గర, అంటే కండె రెండు చివర్ల దగ్గర, పోగుల కొసలు చెదరకుండా పట్టి ఉంచేది అది. మనుషుల్లో దానికి సాటి జన్యువు చెడితే పిల్లలు చిన్న మెదడుతో పుడతారు. ఈగ గురించి ఎందుకు చదవాలని అడిగే విద్యార్థికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

'సంబంధిత' వద్దండీ, ఆఫీసు కాగితంలా ఉంటుంది. 'సూక్ష్మనాళికలను అంటిపెట్టుకునే ప్రోటీన్లు' అనండి. కాస్త పొడుగే, కానీ అవి చేసే పని అందులో ఉంది.

ప్రశ్న: మరి కెఎల్‌పి10ఎ అనే ప్రోటీన్ పోగుల్ని ఊడదీస్తుంది కదా, దానికీ ఆ మాట నప్పుతుందా?

జవాబు: ఊడదీయాలన్నా ముందు అంటుకోవాలి కదండీ. అయితే అది కైనెసిన్ అనే మోటార్ ప్రోటీన్ల కుటుంబానిది, దాన్ని చాలామంది విడిగా లెక్కిస్తారు. ధ్రువం వైపు కొసన అది విప్పుతూ ఉంటే, క్రోమోజోమ్ వైపు కొసన 'మాస్ట్' అనే ప్రోటీన్ కొత్త ట్యూబ్యులిన్ చేరేలా చూస్తుంది. అందుకే పోగులోని సరుకు ధ్రువాల వైపు జరుగుతున్నా కండె పొడవు మారదు. మాస్ట్ లేకపోతే కండె కురచబడి కుప్పకూలుతుంది. బొమ్మలో ఆ రెండు కొసలకీ వేర్వేరు రంగులు వేయండి, లేకపోతే ఈ ప్రవాహం ఎటు పోతోందో పిల్లలకి అందదు.