ఐదో తరగతి పిల్లలకి ఒకే విషయం మీద రెండు వ్యాసాలు ఇవ్వొచ్చా?

కొల్లేటి టీచరమ్మ:
మాది కొల్లేటి పక్కన ప్రాథమిక పాఠశాల. పోయిన వారం ఐదో తరగతికి కొల్లేరు గురించి రెండు చిన్న వ్యాసాలిచ్చి పక్కపక్కన పెట్టుకుని చదవమన్నాను. ఒకదాంట్లో సరస్సు 308 చదరపు కిలోమీటర్లని ఉంది, రెండోదాంట్లో 901. "టీచర్, ఏది తప్పు?" అంటూ క్లాసంతా లేచింది.

వంటగదిలోంచి పెద్ద మూకుడు తెప్పించాను. రెండు చెంబుల నీళ్లు పోసి అంచున సుద్దతో గీత గీయించాను. ఇంకో రెండు చెంబులు పోసి మళ్లీ గీయించాను. మూకుడు అదే, గీత మాత్రం ఎంతో పైకి జరిగింది. కొల్లేరూ అంతే. ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసుకునే హద్దు గీత, దాకా లెక్కేస్తే 308 చదరపు కిలోమీటర్లు. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది అంతవరకే. పదో కాంటూరు దాకా అయితే 901. 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాకెక్కింది ఆ లెక్కతోనే. కాంటూరు మాట నేను నేర్పక్కర్లేకపోయింది, రోజూ ఇళ్లల్లో వినేదే.

మర్నాడు ఓ తండ్రి వచ్చి "ఉన్న పుస్తకం చాలదా మేడం, పిల్లల్ని ఎందుకు తికమక పెడతారు?" అన్నారు. మీరేమంటారు?

నవోదయ నాన్న:
ఆయన అన్నదాంట్లో తప్పేముందండీ? మా అమ్మాయి ఒక పేజీ తడబడకుండా చదవడానికే అవస్థ పడుతోంది. రెండు పేజీలిచ్చి తేడాలు వెతకమంటే పుస్తకం మూసేస్తుంది. పైగా నవోదయ ప్రవేశ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటే దిద్దాలి. "రెండూ కరెక్టే" అని దిద్దలేదు కదా! ముందు చదవడం గట్టిపడనివ్వండి. పోల్చడం హైస్కూల్లో చూసుకోవచ్చు.

లెక్కల మాస్టారు:
చదవడమే కష్టంగా ఉన్న పిల్లకి రెండు పేజీలు బరువే, కాదనను. పేజీలెందుకు, ఆరేసి వాక్యాలు చాలు. టీచరమ్మా, మొదటిరోజే కొట్లాడే అంకెలు ఇవ్వొద్దమ్మా. గూడబాతుల మీద రెండు పేరాలివ్వండి. రెండింట్లోనూ ఉన్నదానికింద ఎర్ర పెన్సిలు, ఒక్కదాంట్లోనే ఉన్నదానికింద నీలం. నీలం గీతలు చూపించి "ఇది రెండో ఆయన ఎందుకు రాయలేదు?" అని అడగండి. అంకెల సంగతి నెల తర్వాత.

లంక ఊరి ఆడపడుచు:
హైస్కూలు దాకా ఆగమన్న అన్నయ్యగారికి నా సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు కొల్లేటి లంక. 2006లో కొల్లేరు ఆపరేషన్‌లో ప్రభుత్వం సరస్సులోని చేపల చెరువుల గట్లు పేల్చినప్పుడు నేను ఏడో తరగతి. పేపర్లో "ఆక్రమణలు తొలగించారు" అని వచ్చింది. మా నాన్న "మన చెరువు పోయింది" అన్నాడు. రెండూ ఒకే రోజు మాటలు. ఆ రెండూ ఎలా నిజమవుతాయో బళ్లో ఎవరూ చెప్పలేదు. పేపరు మా నాన్నని దొంగ అంటోందనుకుని ఆ వారం బడికి పోలేదు.

పెద్దయ్యాక ఇంకోటి చదివాను. చెరువులు పెరిగిపోయి, బుడమేరు, తమ్మిలేరు ఏర్లు కొల్లేట్లోకి తెచ్చిన వరద, సముద్రానికి పోయే ఉప్పుటేరు కాలువ వైపు సాగే దారి ఇరుకై, పైనున్న వరి చేలు మునిగేవట. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. పక్షుల గురించే రాసిన వ్యాసంలో మా నాన్న లేడు, మా నాన్న చెప్పేదాంట్లో మునిగిన చేలు లేవు. పదేళ్ల వయసులో ఎవరైనా రెండూ నా ముందు పెట్టుంటే ఎంత బావుండేది!

నవోదయ నాన్న:
అమ్మా, మీరు చెప్పింది చదివి మనసు బరువెక్కింది. కానీ అది మరీ సున్నితమైన విషయం. టీచరు ఒక్క మాట తూలినా ఇంటిమీదకి పోతుంది. అందుకే ఇంకా భయం.

కొల్లేటి టీచరమ్మ:
ఆ భయం నాకూ ఉందండీ. మా క్లాసులో సగంమంది చేపల చెరువుల ఇళ్లవాళ్లే. అందుకే ఆపరేషన్ జోలికి వెళ్లను, ఇప్పట్లో వెళ్లను. మాస్టారు చెప్పినట్టు సోమవారం గూడబాతులతో మొదలుపెడతాను. కానీ ఆ మూకుడు పాఠం మాత్రం వెనక్కి తీసుకోను.

నవోదయ నాన్న:
సరే, మరి పరీక్షలో కొల్లేరు ఎంతని అడిగితే మా అమ్మాయి ఏం రాయాలి?

కొల్లేటి టీచరమ్మ:
"కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు" అని రాయమనండి. అభయారణ్యం అన్న మాట మాత్రం వదలొద్దని చెప్పండి.