వీపున మోసే రోబో తల: దృశ్యం ఆలస్యమై కళ్లు తిరుగుతున్నాయి

జపాన్‌లోని కేయో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో చూపిన ‘ఫ్యూజన్’ గుర్తుందా? ఒకరి వీపున సంచిలా రెండు రోబో చేతులు, కెమెరాల తల. ఇంకెక్కడో ఉన్న మరొకరు వీఆర్ కళ్లజోడుతో వాటిని ఆడిస్తారు. అది చూసి మేమూ చివరి ఏడాది ప్రాజెక్టుగా ఒక చేయి, ఒక తల చేశాం. చేయి పరవాలేదు, నిన్న టీ గ్లాసు అందించింది (సగం టీ, దాన్ని మోస్తున్న తమ్ముడి చొక్కా మీదే ఒలికింది). చిక్కంతా తలతోనే. కళ్లజోడు పెట్టుకున్న నేను మెడ తిప్పాక అర సెకనుకు గానీ దృశ్యం కదలదు. అయిదు నిమిషాలకే కడుపులో తిప్పుతోంది. వైఫై తీసి తీగ పెట్టినా అంతే. కెమెరాను కదపకుండా వెడల్పు లెన్సు బిగించి, దృశ్యాన్ని కళ్లజోడులోనే తిప్పితే నయమా? అసలు ఆలస్యం కెమెరాలోనా, వీడియో కుదింపులోనా, మోటారులోనా, విడివిడిగా ఎలా కొలవాలి? చేసి చూసినవారు చెప్పండి. తమ్ముడు ఇంకో రెండు రోజులే మోస్తానన్నాడు.