వారంటీలో ఉన్న పాత కారు నాలుగు రిపేర్ల తర్వాత కూడా ఆగిపోతుంటే షోరూమ్‌నే నమ్ముకోవాలా, బయటి మెకానిక్‌కు చూపించాలా?

బందరు రోడ్డు వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

గత డిసెంబరులో విజయవాడలో ఒక కంపెనీ షోరూమ్‌కు అనుబంధంగా నడిచే పాత కార్ల విభాగంలో అయిదేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌ను 4,85,000 రూపాయలకు కొన్నాను. ఇదే మోడలు బయట 4,40,000కు దొరుకుతున్నప్పటికీ, ఏడాది వారంటీ ఇస్తామన్నారు, మూడు సర్వీసులు ఉచితమన్నారు, పైగా బోర్డు మీద కంపెనీ పేరు ఉన్నది కదా అన్న ధైర్యంతో ఆ 45 వేలు ఎక్కువ పెట్టాను. ఫిబ్రవరి దాకా బండికి వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. ఎండలు ముదిరినప్పటి నుంచి, గుంటూరు వెళ్లి వచ్చేటప్పుడు గంటసేపు నడిచాక, చెప్పాపెట్టకుండా ఇంజిన్ ఆగిపోవడం మొదలైంది. మొదటిసారి మంగళగిరి దాటాక ఆగింది. రెండోసారి కనకదుర్గ వారధి మీద ఆగితే, వెనక లారీలు హారన్లు మోగిస్తుండగా నేనూ నా భార్యా దిగి బండిని పక్కకు తోశాం. అరగంట ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

నాలుగుసార్లు అదే సంస్థ సర్వీస్ సెంటరులో ఇచ్చాను. మొదటిసారి బ్యాటరీ మార్చారు, రెండోసారి థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు, మూడోసారి ఇగ్నిషన్ కాయిళ్లు వేశారు, నాలుగోసారి ఫ్యూయల్ పంపు మార్చారు. వారంటీ కాగితంలో ‘ఇంజిన్, గేర్‌బాక్స్ లోపలి భాగాలు’ అని మాత్రమే ఉన్నది కాబట్టి వీటిలో ఏదీ దాని కిందికి రాదన్నారు. ఇప్పటికి 31,400 రూపాయలు కట్టాను. మొన్న ఆదివారం బండి మళ్లీ ఆగింది. ఆటోనగర్‌లో చూపించమని మా బావమరిది అంటున్నాడు. బయటివాళ్లు చెయ్యి పెడితే ఉన్న వారంటీ కూడా పోతుందని సర్వీస్ అడ్వైజర్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పూర్వ సర్వీస్ అడ్వైజర్, విశాఖపట్నం

ఏడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను: మీరు సర్వీస్ సెంటరును వదలకండి, కానీ ఇప్పటివరకు వెళ్లిన తీరులో మాత్రం వెళ్లకండి.

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే ఫాల్టు అంటే సర్వీస్ సెంటర్లో ఎవరికీ గిట్టదు. ఉదయం తొమ్మిదికి బండి ఇచ్చి, సాయంత్రం అయిదుకు కావాలంటారు. టెక్నీషియన్ చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి రెండు కిలోమీటర్లు తిప్పి వస్తాడు, ఫాల్టు రాదు, ‘సమస్య కనబడలేదు’ అని రాస్తాడు. గంటన్నర సేపు హైవే మీద తిప్పి, ఆగేదాకా వేచి చూడడానికి అతనికి ఎవరూ డబ్బు ఇవ్వరు. రోజుకు ఎన్ని బండ్లు పూర్తిచేశాడన్న లెక్క మీదే అతని ఇన్సెంటివ్ ఉంటుంది. పార్టు మారిస్తే బిల్లు అవుతుంది, ఆలోచిస్తే బిల్లు కాదు. అందుకే అనుమానం మీద ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతారు. ఇది మోసం కన్నా బద్ధకం అనడం న్యాయమని నా అభిప్రాయం, డబ్బు పోగొట్టుకున్న మీకు ఆ తేడాతో పనిలేకపోయినా.

ఈసారి జాబ్ కార్డు (బండి ఇచ్చేటప్పుడు ఫిర్యాదు రాసుకునే కాగితం) మీద ‘స్టార్టింగ్ ప్రాబ్లమ్’ అని రాయనివ్వకండి. ‘గంటసేపు నడిచి వేడెక్కాక నడుస్తూ ఉండగా ఆగిపోతున్నది, అరగంట చల్లారాక స్టార్టవుతున్నది, ఇదే ఫిర్యాదుతో ఇది అయిదోసారి’ అని మీ మాటల్లోనే రాయించి, చదివి, అప్పుడు సంతకం పెట్టండి.

ఆటోనగర్ మెకానిక్

అడ్వైజర్ గారు చెప్పిన లోపలి సంగతులు నిజమే. కానీ అక్కడే తిరగమనడం నాకు మింగుడు పడడం లేదు. మీరు రాసిన లక్షణాలు చదవగానే మా దగ్గర పనిచేసే కుర్రాడైనా మొదట క్రాంక్ సెన్సర్ వైపు చూస్తాడు.

క్రాంక్ షాఫ్టుతోపాటు తిరిగే పళ్ల చక్రానికి ఎదురుగా ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. ఆ పళ్లు లెక్కపెట్టి, ఇంజిన్ ఎంత వేగంతో, ఏ స్థానంలో తిరుగుతున్నదో అది బండిలోని కంప్యూటరుకు చెబుతుంది. ఆ కబురు ఆగితే కంప్యూటరు నిప్పురవ్వా ఇవ్వదు, పెట్రోలూ చిమ్మించదు. కొన్ని సెన్సర్లలో లోపల వెంట్రుకంత సన్నని తీగ చుట్ట ఉంటుంది. పాతబడ్డాక వేడికి ఆ తీగ ఎక్కడో విడిపోతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. మీ అరగంట కథ అదే కావచ్చు.

ఫ్యూయల్ పంపు కూడా వేడికి మొరాయిస్తుంది కాబట్టి రెండింటినీ విడదీసి చూడాలి, దానికి పైసా ఖర్చు లేదు. బండి ఆగిన వెంటనే, చల్లారకముందే, తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు సెకన్లపాటు తుమ్మెద రొదలాంటి శబ్దం వస్తే పంపుకు కరెంటు అందుతున్నది, పంపు తిరుగుతున్నది. తర్వాత సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో (బండి కంప్యూటరుకు తగిలించి చూసే పరికరం) ఆర్‌పీఎం అంకె, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూడండి. ఇంజిన్ తిరుగుతున్నట్టు మీ చెవికి వినబడుతూనే ఉన్నా అక్కడ సున్నా కనబడితే, కంప్యూటరుకు ఆ కబురు అందడం లేదన్నమాట. సెన్సరైనా పోయి ఉండాలి, దాని వైరైనా ఎక్కడో రాసుకుని తెగి ఉండాలి. ఈ పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే మీ 31 వేలు మిగిలేవి.

పాత కార్ల వ్యాపారి, హైదరాబాద్

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో పక్షం కూడా వినాలి. మేము ఒక బండిని కొనేముందు బాడీ, ఛాసిస్, టైర్లు, ఇంజిన్ శబ్దం, సర్వీసు రికార్డు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు బకాయి చూస్తాం, పావుగంట నడిపి చూస్తాం. గంటసేపు ఎండలో నడిపితే తప్ప బయటపడని లోపం డిసెంబరు నెలలో మాకైనా ఎలా తెలుస్తుంది? అమ్మిన రోజున ఆ లోపం లేకపోయి ఉండవచ్చు కూడా. అయిదేళ్లు తిరిగిన బండిలో సెన్సర్ పోవడం సహజం. బల్లగుద్ది చెప్పగలను, కొత్త బండి ధరలో సగం పెట్టినవారు కొత్త బండికి ఉండే పూచీని ఆశించడం వల్లనే సగం గొడవలు పుడుతున్నాయి. వారంటీ కాగితం రెండు పేజీలు ఉంటుంది. కొనేవారు రంగు గురించి అడిగినంతసేపు దాని గురించి అడగరు.

బయట విప్పించిన బండికి ఆ తర్వాత వచ్చే ప్రతి లోపానికీ మమ్మల్నే బాధ్యులను చేస్తారు. వైరింగు కోసి, టేపు చుట్టి, నకిలీ పార్టు వేసి పంపిన బండ్లు నేను నా చేతులతో చూశాను. ఆటోనగర్ మిత్రులు మన్నించాలి, అక్కడ అందరూ మీలా ఉండరు.

న్యాయవాది, గుంటూరు

వ్యాపారి గారి వాదనలో మొదటి సగంతో నేను ఏకీభవిస్తాను. అమ్మిన రోజున లోపం ఉన్నదని నిరూపించే భారం ఫిర్యాదుదారుడి మీదే పడుతుంది, వాడిన వస్తువు విషయంలో అది మరీ కష్టం. కాబట్టి ‘లోపమున్న కారు అమ్మారు’ అన్న దారిలో వెళ్లమని నేను సలహా ఇవ్వను. కానీ ఇక్కడ అసలు ఫిర్యాదు కారు మీద కాదు, రిపేరు మీద. ఒకే లక్షణానికి నాలుగుసార్లు డబ్బు తీసుకుని, నాలుగుసార్లూ బాగుచేశామని బండి అప్పగించి, అయిదోసారి అదే లక్షణం కనిపిస్తే అది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెప్పే సేవాలోపం కిందికి వస్తుందని వాదించడానికి మంచి ఆధారం ఉంది. కారు పాతదా కొత్తదా అన్న ప్రశ్న అక్కడ పెద్దగా అడ్డురాదు.

బయటివాళ్లు ముట్టుకుంటే వారంటీ మొత్తం పోతుందన్న మాట గురించి రెండు ముక్కలు. కార్ల విడిభాగాల అమ్మకం మీద నడిచిన కేసులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ) 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, స్వతంత్ర మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీని గంపగుత్తగా రద్దు చేయకూడదనీ, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చుననీ చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి. పైగా అది తయారీదారులకు సంబంధించిన ఆదేశం. మీది పాత కార్ల విభాగం విడిగా రాసిచ్చిన ఒప్పందం. అందువల్ల ఆ ఆదేశాన్ని చేతిలో పట్టుకుని ఆటోనగర్‌కు పరుగెత్తడం కన్నా, మీ వారంటీ కాగితంలో ఈ షరతు నిజంగా రాసి ఉన్నదో లేదో ముందు చూడండి. అడ్వైజర్ నోటిమాట షరతు కాదు.

ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, రిపేర్లకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు (మా వృత్తివారు ఈ చివరి మాట గట్టిగా చెప్పరు). అంతకన్నా ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. నాలుగు బిల్లులు, నాలుగు జాబ్ కార్డులు, తీసేసిన పాత పార్టులు, ఈ మూడూ మీ దగ్గర ఉండాలి.

ఎడిసన్, న్యూజెర్సీ

పోలిక కోసం చెబుతున్నాను. మా రాష్ట్రంలో పాత కార్లకు కూడా లెమన్ చట్టం (పదేపదే చెడిపోయే బండి కొన్నవారిని కాపాడే చట్టం) ఉంది. డీలరు దగ్గర కొన్న బండి ఏడేళ్ల లోపుదై, లక్ష మైళ్లకు మించకుండా తిరిగి ఉంటే, తిరిగిన మైళ్లను బట్టి 30 నుంచి 90 రోజుల దాకా వారంటీ ఇవ్వవలసి ఉంటుంది. పెద్ద లోపాన్ని మూడు ప్రయత్నాల్లో సరిచేయలేకపోతే, లేదా బండి మొత్తం 20 రోజులు రిపేరులోనే ఉండిపోతే, డబ్బు వెనక్కి అడగవచ్చు. ‘మూడుసార్లు’ అన్న ఆ ఒక్క అంకె ఇక్కడి డీలరును మొదటిసారే జాగ్రత్తగా చూసేలా చేస్తుంది. అలాగని స్వర్గమేమీ కాదు. పక్కింటివాడి దగ్గర నేరుగా కొంటే ఈ చట్టం వర్తించదు, నేను అలా కొని అనుభవించాను. మీ బండి ఇక్కడ ఉండి, గడువులోనే ఈ లోపం బయటపడి ఉంటే నాలుగో రిపేరు దాకా వచ్చేదే కాదు.

పాత కార్ల వ్యాపారి, హైదరాబాద్

ఆ చట్టం ఇక్కడ పెడితే ఆ పూచీ ఖరీదు కూడా బండి ధరలో కలుస్తుంది, 4,85,000 బండి 5,20,000 అవుతుంది. అప్పుడు ఇదే చర్చలో ధరల గురించి తిడతారు.

ఆటోనగర్ మెకానిక్

ఆయన ఇప్పటికే 45 వేలు పూచీ కోసం, 31 వేలు రిపేర్ల కోసం ఎక్కువ కట్టారు. లెక్క కూడి చూడండి. నకిలీ పార్టుల మాట మాత్రం ఒప్పుకుంటాను. బిల్లు ఇవ్వని చోట, పార్టు డబ్బా మీ కళ్లముందు విప్పని చోట పని చేయించకండి, అది షోరూమైనా సరే.

బందరు రోడ్డు వాసి

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను.

బయటకు తీసుకెళ్లలేదు, అలాగని పాత పద్ధతిలోనూ ఇవ్వలేదు. విశాఖ మిత్రులు చెప్పినట్టు జాబ్ కార్డు నా మాటల్లో రాయించాను. అడ్వైజర్ మొదట ఒప్పుకోలేదు, ‘సిస్టంలో అంత పెద్ద వాక్యం పట్టదు’ అన్నాడు. మేనేజరును పిలిస్తే పట్టింది. వారంటీ కాగితం ఇద్దరం కూర్చుని చదివాం. బయట రిపేరు చేయిస్తే రద్దు అన్న మాట అందులో లేదు, బయట చేసిన పని వల్ల వచ్చిన నష్టానికి బాధ్యత లేదని మాత్రమే ఉంది.

తర్వాత టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, స్కానర్ తగిలించి, మధ్యాహ్నం రెండు గంటలకు గుంటూరు వైపు బయలుదేరాను. గుంటూరు దాకా వెళ్లి తిరిగి వస్తుంటే కాజ టోల్ ప్లాజా చేరకముందే ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి బండి ఆగినందుకు సంతోషించాను. తాళం ఆన్ చేస్తే వెనక నుంచి రొద వినబడింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతున్న శబ్దం వస్తూనే ఉంది, స్కానర్‌లో ఆర్‌పీఎం దగ్గర సున్నా. ఆ కుర్రాడు తెరవైపు, నావైపు మార్చి మార్చి చూసి, ‘సార్, ఇది పంపు కాదు’ అన్నాడు. పంపు మార్చినవాడు అతనే.

సెన్సరుకూ లేబరుకూ కలిపి 2,850 రూపాయలయింది. అది ఎలక్ట్రికల్ భాగమట, కాబట్టి వారంటీ కిందికి రాదట. కట్టేశాను. ఆ తర్వాత రెండుసార్లు గుంటూరు వెళ్లి వచ్చాను, ఆగలేదు. వ్యాపారి గారు అన్నట్టు సెన్సర్ పోవడం ఎవరి తప్పూ కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ 31,400 తిరిగి ఇవ్వమని ఉత్తరం రాస్తే, వచ్చే సర్వీసులో లేబరు ఉచితమని జవాబిచ్చారు, అది ఎలాగూ ఉచిత సర్వీసే. పాత ఫ్యూయల్ పంపు ఇవ్వమంటే స్క్రాపులో వేశామన్నారు.

న్యాయవాది, గుంటూరు

స్క్రాపులో వేశామన్న మాట కూడా ఈమెయిలులో రాయించుకోండి. సెన్సర్ మార్చిన బిల్లు మీద టెక్నీషియన్ ఏమి రాశాడో ఆ వాక్యం యథాతథంగా ఇక్కడ పెట్టగలరా?

బందరు రోడ్డు వాసి

‘ఆర్‌పీఎం సిగ్నల్ లేదు, క్రాంక్ సెన్సర్ మార్చబడినది, ఫ్యూయల్ పంపు సరిగానే ఉన్నది.’ కింద అతని సంతకం, సర్వీస్ సెంటరు ముద్ర ఉన్నాయి. కొత్త పంపు కాబట్టి సరిగానే ఉంటుందని మేనేజరు వాదిస్తున్నాడు.

పూర్వ సర్వీస్ అడ్వైజర్, విశాఖపట్నం

పంపు మార్చాక కూడా బండి అదే తీరున ఆగింది కదా. ఆ రెండు తేదీలూ జాబ్ కార్డుల మీద ఉన్నాయి. మేనేజరు వాదనకు జవాబు ఆయన సొంత కాగితాల్లోనే ఉంది, ఉత్తరం ఈసారి అక్కడి నుంచి మొదలుపెట్టండి.