బ్రెజిల్ నుంచి హైదరాబాద్‌కి: ఏ దారి టికెట్ తియ్యాలి?

కొండాపూర్_పేయింగ్‌గెస్ట్:
నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయిది సావో పాలో, బ్రెజిల్ పాస్‌పోర్ట్. మూడు వారాలు సెలవు పెట్టి మొదటిసారి హైదరాబాద్ వస్తోంది, మా ఇంట్లోనే ఉంటుంది (అమ్మకి తెలుసు, నాన్నకి ఇంకా చెప్పలేదు, అదో టెన్షన్). 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసా చాలనుకుంటున్నా. టికెట్ దగ్గరే ఆగిపోయాం. న్యూయార్క్ మీదుగా అన్నిటికన్నా చవక, లండన్ మీదుగా అయితే రెండు వేర్వేరు టికెట్లు కొనాలి, దోహా మీదుగా ఒకే టికెట్ కానీ ధర చూసి కళ్లు తిరిగాయి. విమానం మారడానికి కూడా వీసా అడుగుతారా? ఎయిర్‌పోర్ట్ దాటి బయటికే వెళ్లదు కదా.

శంషాబాద్_షటిల్:
న్యూయార్క్ సంగతి మర్చిపో బ్రో. అమెరికాలో లోపల్లోపలే విమానం మారే ఏర్పాటే లేదు, దిగిన ప్రతివాళ్లూ ఇమిగ్రేషన్ దాటాల్సిందే, దానికి బ్రెజిల్ వాళ్లకి సీ1 ట్రాన్సిట్ వీసా గానీ మామూలు విజిటర్ వీసా గానీ ఉండాలి. నువ్వు మిగుల్చుకునేది అక్కడే పోతుంది. లండన్‌లో ఒకే టికెట్ మీద లోపలే మారితే ఏమీ అక్కర్లేదు, కానీ రెండు టికెట్లంటే బ్యాగు కోసం బయటికి రావాలి, అప్పుడు యూకే ఈటీఏ (ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) తీసుకోవాలి, 2025 జనవరి నుంచి బ్రెజిల్ వాళ్లకీ పెట్టారు. పైగా మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే పట్టించుకునే నాథుడుండడు. దోహాలో ఈ గొడవేం లేదు.

విశాఖ_కోడలు:
అందరూ వీసా గురించే అడుగుతారు, పసుపు జ్వరం టీకా కార్డు గురించి ఒక్కరూ అడగరు! మా ఆయనది కొలంబియా. ఈ-వీసా ప్రింట్ చేతిలో పెట్టుకుని దర్జాగా చెక్-ఇన్‌కి వెళ్తే, టీకా వేయించుకుని వారమే అయిందని కౌంటర్‌లో ఆపేశారు. వేయించుకున్న 10 రోజులకి గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. టికెట్ మార్చుకోవడానికైన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇండియా ఈ కార్డు అడిగే దేశాల జాబితాలో బ్రెజిల్ కూడా ఉంది, దోహా మీదుగా వచ్చినా సరే, బయల్దేరింది ఎక్కడన్నదే చూస్తారు. కార్డు లేకుండా ఎలాగో ఇక్కడ దిగినా 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

కొండాపూర్_పేయింగ్‌గెస్ట్:
అక్కా, బతికించారు. ఇప్పుడే అడిగాను, 2018లో వేయించుకుందట, ఆ టీకా జీవితాంతం పనిచేస్తుంది కదా?

విశాఖ_కోడలు:
పూర్తి డోసైతే జీవితాంతం చెల్లుతుంది. కానీ 2018లో సావో పాలోలో టీకా కొరతొచ్చి చాలామందికి అయిదో వంతు డోసే వేశారు, దానికి అక్కడ అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇవ్వరు. కార్డు మీద ఏం రాసుందో చూడమను. అదే అయితే పూర్తి డోసు ఇప్పుడే వేయించుకోమను, చివరి వారం దాకా ఆగొద్దు.

ఫైల్_నంబర్_420:
ఇంకొక్క మాట. ఈ ట్రిప్‌లోనే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేసేద్దాం అని మనసులో ఉంటే 30 రోజుల వీసా సరిపోదు, పెళ్లి నోటీసు ఇచ్చాక ఆగాల్సిన గడువే 30 రోజులు. ఏడాది వీసాకి పెట్టించు, 120 రోజుల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు. అప్లికేషన్ ప్రభుత్వ సైట్‌లోనే వెయ్యాలి, గూగుల్‌లో పైన కనిపించేవాటిలో కొన్ని అచ్చం అలాగే ఉండి రెండింతలు గుంజుతాయి. దిగే ముందు 72 గంటల్లోపు ఈ-అరైవల్ కార్డు కూడా నింపాలి, అది ఉచితం.

అసలు సంగతి, మీ ఇంట్లో ఉంటుందన్నావు కాబట్టి, వచ్చిన 24 గంటల్లో ఆతిథ్యమిచ్చినవాళ్లు విదేశీ అతిథి వివరాలతో ఆన్‌లైన్‌లో ఫారం III (పాత ఫారం సి) పంపాలి. హోటల్లో అయితే వాళ్లే పంపుతారు, ఇంట్లో అయితే మనమే. అందులో ఇంటి యజమాని వివరాలు అడుగుతారు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

కొండాపూర్_పేయింగ్‌గెస్ట్:
నాన్న పేరు మీదే 😭